వేడెక్కింది ప్రాసెసర్.. పరీక్ష మాత్రం మీకు!

ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్ కాగిపోతోందా? కొత్త పార్టు కొనే ముందు ఒక నోట్‌బుక్, పెన్ను తీసుకోండి. మీ తొలి ఇంటర్వ్యూకి ప్రిపరేషన్ అక్కడే మొదలవుతుంది.

"అన్నా, పేస్ట్ మూడుసార్లు మార్చాను. అయినా 98 డిగ్రీలు చూపిస్తోంది. ఇక పెద్ద రేడియేటర్ కొనాల్సిందేనా?"

మే నెలలో ఒక మధ్యాహ్నం నాకు తెలిసిన బీటెక్ ఫైనలియర్ కుర్రాడు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ కోర్ ఐ7-8700కె ప్రాసెసర్ తీసుకున్నాడు. 2017లో వచ్చిన ఆరు కోర్ల చిప్ అది. మామూలుగా అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు 4.3 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. మనవాడు దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించాడు. చల్లబరచడానికి రెండు ఫ్యాన్ల 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ పెట్టాడు. ప్రాజెక్టు వీడియో రెండర్ పెడితే పది నిమిషాలకే చిప్ 98కి చేరుతోంది. ఒక్కోసారి 100 తాకి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటోంది. ఇంట్లో అడిగితే నాన్న ఇంకో ఎనిమిది వేలు సర్దుతానన్నారట.

నేను మూడు ప్రశ్నలు అడిగాను. లోడ్ పెట్టాక 98కి ఎంతసేపట్లో వెళ్లింది? గదిలో ఉష్ణోగ్రత ఎంత? పేస్ట్ మార్చకముందు ఎంత, మార్చాక ఎంత?

"చూసుకోలేదన్నా.. ఇంచుమించు అంతే ఉంది."

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మనలో చాలామందిమి ఇంతే. జ్వరం ఎంతుందో చూడకుండానే ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు కంప్యూటర్ దగ్గరా వదలదు. పేస్ట్ మార్చు, ఫ్యాన్ మార్చు, కూలర్ మార్చు, చివరికి ప్రాసెసరే మార్చు! డబ్బు అయిపోతుంది కానీ జబ్బేంటో తెలియదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పార్టులు మార్చడం వేరు, కారణం పట్టుకోవడం వేరు. కంపెనీలు జీతమిచ్చేది రెండోదానికి. దాన్ని నేర్పే కోర్సు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మీ బల్లకింద వేడెక్కుతున్న డబ్బా చాలు.

ముందు, అది నిజంగా జబ్బేనా?

స్క్రీన్ మీద ఎర్ర అంకె కనబడగానే కంగారు పడొద్దు. ఏ చిప్‌కి ఎంత వరకు ఫర్వాలేదో ముందు తెలుసుకోండి. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలోని 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటి ప్రాసెసర్లు భారీ పని పెడితే 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలబడేలా డిజైన్ అయ్యాయి. అది లోపం కాదని కంపెనీయే చెప్పింది. ఇంకో విచిత్రం చూడండి. 2017 నాటి రైజెన్ 1800ఎక్స్ ఫ్యాన్లను ముందుగానే తిప్పడం కోసం అసలు ఉష్ణోగ్రతకి 20 డిగ్రీలు కలిపి చూపించేది. ఆ సంగతి తెలియనివాళ్లు లేని వేడి కోసం మందులు వెతుక్కున్నారు.

మనవాడి 8700కె గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. అది 98 దగ్గర ఊగుతూ వేగం తగ్గించుకుంటోంది. కాబట్టి జబ్బు నిజమే. వేగం నిజంగా తగ్గుతోందా లేదా అన్నది హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి వదిలేయకుండా క్లాక్ వేగం, వోల్టేజీ, వాట్లు కూడా చూడండి.

ఏ పరీక్షతో వేడెక్కించారన్నదీ ముఖ్యమే. చాలామంది వాడే ప్రైమ్95 అసలు పెద్ద పెద్ద మెర్సెన్ ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి పుట్టిన ప్రోగ్రామ్. అందులోని స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష చిప్‌ని పిండి పిప్పి చేస్తుంది. మీరు రోజూ చేసే పని అంత వేడి పుట్టించదు. నిన్న ఒక పరీక్ష, ఇవాళ ఇంకో పరీక్ష పెట్టి రెండింటినీ పోల్చితే ఆ పోలికకి అర్థం లేదు.

వేడి ఎందుకు పుట్టింది?

ఇక్కడ ఇంటర్ ఫిజిక్స్ చాలు. చిప్ పని చేస్తున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు సుమారుగా ఫ్రీక్వెన్సీకీ, వోల్టేజీ వర్గానికీ అనులోమంగా పెరుగుతుంది. మనవాడి లెక్క చూద్దాం. 4.3 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల నుంచి 5 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులకి వెళ్లాడు. వేగం పెరిగింది 16 శాతం. వేడి పెరిగింది 47 శాతం! కారణం వోల్టేజీ దగ్గర ఉన్న ఆ 'వర్గం'.

అందుకే మదర్‌బోర్డులో వోల్టేజీని 'ఆటో'లో వదిలేసి ఓవర్‌క్లాక్ చేయడం మంచిది కాదు. సిస్టమ్ ఆగిపోకూడదని చాలా బోర్డులు అవసరానికి మించి వోల్టేజీ ఇచ్చేస్తాయి. కూలర్ బాగుంటే సరిపోతుంది కదా అనకండి. ఎక్కువ వోల్టేజీ చల్లని చిప్‌నీ మెల్లమెల్లగా దెబ్బతీస్తుంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు క్రాష్ అవుతున్నాయని గగ్గోలు పుట్టినప్పుడు, అవసరాన్ని మించిన వోల్టేజీ ఒక ముఖ్య కారణమని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఓవర్‌క్లాక్ చేయనివాళ్లకీ ఆ ఇబ్బంది వచ్చిందని గుర్తుంచుకోండి.

రెండు మెట్లు, రెండు కొలతలు

లిక్విడ్ కూలర్‌లో వేడి రెండు మెట్లు దిగుతుంది. మొదటి మెట్టు చిప్ నుంచి నీళ్లలోకి. పేస్ట్, వాటర్ బ్లాక్, స్క్రూల బిగింపు అన్నీ ఇక్కడే ఉంటాయి. రెండో మెట్టు నీళ్ల నుంచి గది గాలిలోకి. రేడియేటర్, ఫ్యాన్లు, దుమ్ము, క్యాబినెట్‌లో గాలి దారి ఇక్కడివి. ఈఈఈ, ఈసీఈ వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సిరీస్‌లో రెండు రెసిస్టర్లు అనుకోండి. వేడి కరెంట్ లాంటిది, ఉష్ణోగ్రత తేడా వోల్టేజీ డ్రాప్ లాంటిది. ఏ రెసిస్టర్ దగ్గర డ్రాప్ ఎక్కువగా ఉందో తెలిస్తే లోపం ఎక్కడుందో తెలిసినట్టే.

నీళ్ల ఉష్ణోగ్రత తెలియడం ఎలా? కొన్ని కూలర్లకి సెన్సర్ ఉంటుంది. లేకపోయినా ఒక చిట్కా ఉంది. పదిహేను నిమిషాలు లోడ్ పెట్టండి. ఉష్ణోగ్రత నిలబడ్డాక లోడ్ ఒక్కసారిగా ఆపేయండి. చిప్ రెండు మూడు సెకన్లలోనే దభీమని పడిపోయి ఒకచోట ఆగి, అక్కణ్నుంచి నెమ్మదిగా దిగుతుంది. అది ఆగిన చోటు ఇంచుమించు నీళ్ల ఉష్ణోగ్రత. చిప్ చిన్నది కాబట్టి వెంటనే చల్లారుతుంది. నీళ్లు అంత తొందరగా చల్లారవు.

మనవాడికి ఇదే చేయమన్నాను. రాత్రి ఎనిమిదింటికి రీడింగులు పంపాడు. గది 34. లోడ్‌లో 98. ఆపగానే 62.

అంటే చిప్‌కీ నీళ్లకీ మధ్య తేడా 36 డిగ్రీలు. నీళ్లకీ గదికీ మధ్య 28. ఈ చిప్‌లో మొదటి తేడా కొంచెం ఎక్కువే ఉంటుంది. ఎందుకంటే 8700కె లోహపు మూత కింద ఇంటెల్ వాడింది సోల్డర్ కాదు, పేస్టే. మూత పైన పూసే పేస్ట్‌ని మూడుసార్లు కాదు, ముప్పైసార్లు మార్చినా లోపలిదానికి ఒరిగేదేమీ లేదు. మూత ఊడదీసి లోపలి పేస్ట్ మార్చేవాళ్లు ఉన్నారు కానీ చెయ్యి జారితే ప్రాసెసర్ పోతుంది. ఆ సాహసం నేను వద్దంటాను. అసలు అనుమానించాల్సింది రెండో అంకెని. ఇలాంటి లోడ్‌కి ఈ సైజు రేడియేటర్ దగ్గర తేడా దాదాపు సగమే ఉండాలి.

మూడుసార్లు పేస్ట్ మార్చింది మొదటి మెట్టుకి. జబ్బు ఉన్నది రెండో మెట్టులో!

సెకన్లా? నిమిషాలా?

అంకెలు రాసుకునే ఓపిక లేకపోయినా కనీసం గడియారం చూడండి. వేడి ఎక్కే తీరే సగం విషయం చెబుతుంది.

లోడ్ పెట్టిన రెండు మూడు సెకన్లలోనే 90 దాటితే: చిప్ నుంచి నీళ్లకి దారి సరిగా లేదు. పేస్ట్ చాలలేదా, స్క్రూలు ఒకవైపే బిగించారా చూడండి. స్క్రూలను ఎదురెదురు మూలల నుంచి కొంచెం కొంచెంగా బిగించాలి. వాటర్ బ్లాక్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొరను తీయడం మరిచిపోయినవాళ్లూ ఉన్నారు. అన్నీ బాగుంటే వోల్టేజీని అనుమానించండి.

పది పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కుతూ పోతే: నీళ్లు కాగుతున్నాయి. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, తిరగని ఫ్యాన్, క్యాబినెట్‌లో వేడి గాలి మళ్లీ మళ్లీ తిరగడం, లేదంటే గదే కాగిపోవడం కారణం కావచ్చు.

ఒకటి రెండు నిమిషాల్లోనే ఆగకుండా 100కి పోతూ, రేడియేటర్ మాత్రం చల్లగా ఉంటే: పంపు ఆగిపోయింది, లేదా నీళ్లు కదలడం లేదు. బయోస్‌లో పంపు ఆర్‌పీఎం చూడండి. పంపు వైరు సైలెంట్ మోడ్‌లో ఉన్న ఫ్యాన్ పిన్‌కి తగిలించి ఉంటే అది నత్తనడక నడుస్తుంది. గుళగుళమని శబ్దం వస్తుంటే పంపులోకి గాలి చేరిందని అర్థం. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి మొత్తం లూప్‌లో అన్నిటికన్నా ఎత్తులో పంపు ఉండకూడదు.

రెండు ట్యూబులనూ చేత్తో తాకి చూడండి. నిమిషానికి లీటరు నీళ్లు తిరుగుతుంటే, 170 వాట్ల వేడికి నీటి ఉష్ణోగ్రత పెరిగేది రెండున్నర డిగ్రీల లోపే. అంటే రెండు ట్యూబులూ దాదాపు ఒకే వెచ్చదనంతో ఉండాలి. ఒకటి కాలుతూ ఇంకోటి చల్లగా ఉంటే నీళ్లు సరిగా పారడం లేదన్నమాట.

గది సంగతి మరవొద్దు. నీళ్ల కూలర్ ఏసీ కాదు. గది ఉష్ణోగ్రత కంటే కిందికి అది ఏనాడూ దించలేదు. ఎవరో ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర తీసిన రీడింగ్ చూసి, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో 38 డిగ్రీలున్న గదిలో కూర్చుని 'నా కూలర్ పాడైంది' అనుకుంటే ఎలా? ఆ 14 డిగ్రీలు కలుపుకోవాల్సిందే.

ఒక్కసారికి ఒక్కటే

మర్నాడు మనవాడు క్యాబినెట్ ముందు పలక తీశాడు. ఫిల్టర్ వెనక రేడియేటర్ మీద దుప్పటి కప్పినట్టు దుమ్ము. అంతేకాదు, రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగేసి బిగించి ఉంది. ఒకటి గాలి లోపలికి తోస్తుంటే రెండోది బయటికి లాగుతోంది. "రెండూ సరిచేసేస్తా" అన్నాడు. వద్దన్నాను. ముందు దుమ్ము. రీడింగ్. తర్వాత ఫ్యాన్. మళ్లీ రీడింగ్.

దుమ్ము తీశాక 98 కాస్తా 90 అయ్యింది. ఫ్యాన్ తిప్పి బిగించాక 84. ఆపగానే పడేది 48కి. అంటే నీళ్లకీ గదికీ మధ్య తేడా 28 నుంచి 14కి దిగింది. మొదటి తేడా మాత్రం అదే 36. కదలాల్సిన అంకె కదిలింది, కదలకూడనిది కదల్లేదు. రెండూ ఒకేసారి చేసుంటే ఏది ఎంత పనిచేసిందో ఎప్పటికీ తెలిసేది కాదు.

మరి ఎనిమిది వేల పెద్ద రేడియేటర్? అది తగ్గించగలిగేది ఆ 14లోనే. మహా అయితే నాలుగైదు డిగ్రీలు. డిగ్రీకి దాదాపు రెండు వేల చొప్పున! స్క్రూడ్రైవరూ, పెయింటింగ్ బ్రష్షూ ఇంట్లోనే ఉన్నాయి.

తగ్గడం కూడా ఇంజినీరింగే

84 దగ్గర ఆగొచ్చు. కానీ మే నెల మధ్యాహ్నం గది 40కి చేరితే మళ్లీ 90. అందుకే అడిగాను, 'ఆ 5 గిగాహెర్ట్జ్ అంత అవసరమా తమ్ముడూ?' ముఖం చిన్నబుచ్చుకున్నాడనుకుంటా, ఫోన్‌లో కాసేపు మాట లేదు. 5 అన్నది గుండ్రటి అంకె. స్నేహితులకి చెప్పుకోవడానికి బాగుంటుంది.

4.8 గిగాహెర్ట్జ్, 1.25 వోల్టులకి లెక్క వేయమన్నాను. వేడి 18 శాతం తగ్గాలి. గది కంటే పైనున్న 50 డిగ్రీలు 41 కావాలి. అంటే 34కి 41 కలిపితే 75. ముందు కాగితం మీద రాయించి, తర్వాత పరీక్ష పెట్టమన్నాను. మీటర్ 76 చూపించింది. క్రాష్ లేకుండా రాత్రంతా నడిచింది కూడా.

పోగొట్టుకున్నది ఎంత? గంట పట్టే రెండర్‌కి రెండున్నర నిమిషాలు. నిజానికి అదీ పోలేదు. ఇంతకుముందు వేడికి వేగం తగ్గించుకుంటూ ఈడ్చుకొచ్చేది కాబట్టి ఇప్పుడు పని ముందే అయిపోతోంది.

మీటర్ చూడకముందే అంకె చెప్పగలగడం! నాలుగేళ్ల ల్యాబుల్లో ఆ కుర్రాడికి ఇది తొలిసారి. ఎందుకంటే మన ల్యాబుల్లో రీడింగులు సీనియర్ల రికార్డుల నుంచి వస్తాయి. గ్రాఫ్ ముందు గీస్తాం, పాయింట్లు తర్వాత పెడతాం. ఎక్స్‌టర్నల్ సంతకం పెడతారు. ఎవరికీ ఏ ప్రయోగమూ తప్పు పోదు, ఎవరికీ ఏమీ తెలియదు. ఇది చెప్పడానికి బాధగా ఉన్నా నిజం. కాగుతున్న ప్రాసెసర్‌కి సీనియర్ రికార్డు ఉండదు.

ఉద్యోగానికీ దీనికీ ఏమిటి సంబంధం?

హైదరాబాద్‌లో ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ లాంటి సంస్థలకి డిజైన్ కేంద్రాలున్నాయి. చిప్ ల కంపెనీల్లో పోస్ట్ సిలికాన్ వాలిడేషన్ అనే పని ఉంటుంది. కొత్త చిప్ ఏ వోల్టేజీ దగ్గర, ఏ వేగం దాకా, ఏ ఉష్ణోగ్రతలో పనిచేస్తుంది, ఎక్కడ తప్పుతుంది అని గళ్లు గళ్లుగా పట్టిక నింపుతారు. దాన్ని షమూ ప్లాట్ అంటారు. మనవాడు నోట్‌బుక్‌లో గీసుకున్నది దాని చిన్న తమ్ముణ్నే.

డేటా సెంటర్ల వైపు చూడండి. ఎన్విడియా 2024లో ప్రకటించిన జీబీ200 ఎన్‌వీఎల్72 అనే ఒక్క ర్యాక్ సుమారు 120 కిలోవాట్లు మింగుతుంది. అది పుట్టించే వేడిని తీయాలంటే మన ఇళ్లలోని టన్నున్నర ఏసీలు ఇరవై రెండుకు పైగా కావాలి. గాలితో అయ్యే పని కాదు కాబట్టి దాన్ని ద్రవంతోనే చల్లబరుస్తారు. అమెజాన్ క్లౌడ్ కేంద్రం హైదరాబాద్‌లో 2022లో మొదలైంది. విశాఖలో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇలాంటి చోట్ల కోడ్ రాసేవాళ్లే కాదు, పంపు, ఫ్లో, ఉష్ణోగ్రత తేడా అంటే తెలిసిన డిప్లొమా, ఐటీఐ కుర్రాళ్లు, అమ్మాయిలూ కావాలి. మెట్లు రెండు బదులు ఇంకొన్ని ఉంటాయి. ఆలోచించే పద్ధతి మాత్రం ఇదే.

హార్డ్‌వేర్ మీ దారి కాకపోయినా ఫర్వాలేదు. సర్వర్ నెమ్మదించిందా, యాప్ క్రాష్ అవుతోందా, రిపోర్టులో లెక్క తేడా వస్తోందా.. అన్నిచోట్లా ఇదే వరస. జబ్బు నిజమేనా చూడు. ముక్కలుగా విడగొట్టు. కొలువు. ఒక్కటి మార్చు. మళ్లీ కొలువు.

ఇంటర్వ్యూలో "మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి" అని తప్పకుండా అడుగుతారు. 'నేను ఫాస్ట్ లెర్నర్‌ని సర్' అంటే ఎదుటివాళ్లు తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. 'సర్, మూడుసార్లు తప్పు చోట వెతికాను. తర్వాత ఉష్ణోగ్రత తేడాని రెండు భాగాలు చేసి కొలిచాను. 28 ఉన్నది 14కి తెచ్చాను. చివరికి నేనే వేగం తగ్గించుకున్నాను, ఎందుకంటే..' అని మొదలుపెట్టండి. ఆ 'ఎందుకంటే' దగ్గర వాళ్లు కుర్చీలో ముందుకి జరుగుతారు. మనవాడు ఆ మధ్య ఒక సపోర్ట్ ఇంజినీర్ ఇంటర్వ్యూకి వెళితే పది నిమిషాలు దీని మీదే నడిచిందట. తర్వాతి రౌండ్‌కి పిలిచారు. అది దీనివల్లే అని నేను చెప్పను. కానీ ఆ పది నిమిషాలూ బట్టీ పట్టిన సమాధానం కోసం తడుముకోలేదన్నాడు. అది చాలు.

వాటర్ కూలర్ లేనివాళ్లకి

ఈ వ్యాసం చదివి లిక్విడ్ కూలర్ కోసం సికింద్రాబాద్ సీటీసీకి బస్సెక్కకండి! ఓవర్‌క్లాకింగ్ వల్ల వారంటీ పోవచ్చు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌తో ప్రయోగాలు వద్దు. మీ పాత ల్యాప్‌టాప్ చాలు. గది ఉష్ణోగ్రత, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, అరగంట లోడ్‌లో ఎంత, ఆపగానే ఎంతకి పడింది.. నాలుగు అంకెలు రాయండి. మంచం మీద పెట్టి ఒకసారి, బల్ల మీద ఒకసారి, వెనకవైపు పుస్తకం పెట్టి ఎత్తి ఒకసారి. ప్రతిసారీ ముందే ఎంత వస్తుందో ఊహించి రాయండి. తప్పితే ఎందుకు తప్పిందో ఇంకో లైను రాయండి.

వారం తిరిగేసరికి మీ దగ్గర రెండు పేజీలుంటాయి. ఏ సీనియర్ రికార్డు నుంచీ కాపీ కొట్టని రెండు పేజీలు. రెజ్యూమేలో పెట్టడానికి వాటికి సర్టిఫికెట్ ఉండదు. ఇంటర్వ్యూ గదిలో నోరు తెరిచినప్పుడు మాత్రం వాటి విలువ తెలుస్తుంది.

మనవాడి నాన్నగారి ఎనిమిది వేలు బ్యాంకులోనే ఉన్నాయి.